గంట, పడవ, వాన

మా తలుపు ఎందుకు తలకిందులుగా ఉండేదో నాకు తెలుసు. తెలిసీ నా పుస్తకంలో రాయలేదు. ఆ ఒక్క మాట రాసి ఉంటే ఆ అధ్యాయం నిలబడేది కాదు, అందుకే వదిలేశాను. మా చిన్నతనం గురించి నేను రాసిన ఆ పుస్తకంలో అందరూ మెచ్చుకున్నది తలుపు అధ్యాయమే. పైకి చూడాల్సిన బాణం గుర్తులు కిందికి చూస్తున్న తలుపు, దాన్ని మోసుకుంటూ అద్దె గది నుంచి అద్దె గదికి తిరిగిన సంసారం, అది తిరగబడి ఉందని కూడా గమనించని తండ్రి. మా బతుకు తలకిందులైందనడానికి ఆ తలుపే గుర్తు అని రాశాను. ఒక వానరోజు నాన్నా, ఇంకో మనిషీ దాన్ని తల మీద ఎత్తుకుని నడుస్తుంటే పాడె మోసినట్టుందని కూడా రాశాను. ఆ వాక్యం దగ్గర కళ్ళు చెమర్చాయని సభల్లో చెప్పినవాళ్ళున్నారు. వాళ్ళకు నమస్కారం పెట్టి ఊరుకున్నాను.

మొన్న వానాకాలంలో పోతిరెడ్డిపల్లిలో అక్క ఇంటికి వెళ్ళాను. పుస్తకం వచ్చాక అదే మొదటిసారి. పిలిచినప్పుడల్లా ఏదో పని ఉందని తప్పించుకుంటూ వచ్చాను. నాన్న అక్క దగ్గరే ఉంటాడు. ఎనభై దాటాయి. మనిషి గట్టిగానే ఉన్నాడు గానీ, ఫ్యాక్టరీలో రేకుల మీద పడే సుత్తి చప్పుడుకు చెవులు ఎప్పుడో పోయాయి. పక్కన కూర్చుని అరిచినా ఒక్కోసారి వినపడదు, ఒక్కోసారి గుసగుస కూడా వినపడుతుంది. ఏది వినాలో ఆయనే చూసుకుంటాడని అక్క అంటుంది. ఆ తలుపు ఇప్పుడు అక్క ఇంటి వరండాలో బల్ల. దాని కింద నాలుగు కాళ్ళ ఇనప చట్రం దగ్గరుండి వెల్డింగ్ చేయించుకున్నాడు నాన్న. పొద్దున పేపరు దాని మీద, మధ్యాహ్నం కునుకు దాని మీద. నేను వెళ్ళేసరికి ఆ బల్లంతా ఆకుపచ్చ రంగు పూసి ఉంది. ఫ్యాక్టరీలో యంత్రాలకు వేసే మందపాటి ఆకుపచ్చ. ఒక్క గుర్తు కూడా కనపడటం లేదు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ చెక్కకు రంగు తగలనివ్వలేదు.

"ఎవరు వేశారక్కా ఈ రంగు?" అన్నాను.

"ఇంకెవరు, ఆయననే. నీ పుస్తకం భూతద్దం పెట్టుకొని సదివిండు. తెల్లారి పొద్దుగాలనే బజారుకు పోయి డబ్బా కొనుక్కొచ్చిండు. ఆయనేం చెప్పలే, నేనేం అడగలే" అంది అక్క. ఒకే తల్లి కడుపున పుట్టినా అక్కది ఈ ఊరి మాట, నాది పుస్తకాల మాట. తను ఇక్కడే చదివి ఇక్కడి మనిషినే పెళ్ళి చేసుకుంది. నేను సిటీలో ఉద్యోగం చేసుకుంటూ చిన్నతనాన్ని దూరం నుంచి చూడటం అలవాటు చేసుకున్నాను.

ఇక ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

అమ్మానాన్నలది తెనాలి వైపు పల్లె. ఇక్కడ పెద్ద ఫ్యాక్టరీ కడుతున్నారని, రేకుల పని తెలిసినవాళ్ళకు చేతినిండా పని దొరుకుతుందని ఎవరో చెబితే, పటాన్‌చెరు దగ్గర దిగారు. అప్పటికి నేను చంటిపిల్లవాణ్ణి. నాన్న పర్మనెంటు కాదు, కాంట్రాక్టరు కింద పని. ఒక షెడ్డు లేచేదాకా పని ఉండేది, లేచాక ఉండేది కాదు. ఉన్నన్నాళ్ళయినా నోరు మూసుకుని ఉండే మనిషి కాదు. మేస్త్రీ ఒక మాటంటే ఈయన రెండు అనేవాడు, మర్నాడు మూటాముల్లె సర్దుకునేవాళ్ళం. ఫ్యాక్టరీవాళ్ళు వస్తున్నారని ఊళ్ళలో రైతులు పొలం గట్టునో పెరట్లోనో గదులు గబగబా కట్టి కిరాయికి ఇచ్చేవాళ్ళు. రాయీ మట్టీ గోడలు, పైన పెంకులు, గుమ్మానికి రెండు గుంజలు. తలుపు మాత్రం ఉండేది కాదు. కలప కొనాలంటే ప్రాణం మీదికి వచ్చే రోజులవి. తడిక అడ్డం పెట్టుకుంటే రాత్రి కుక్కలు దూరేవి, పగలు కోళ్ళు దూరేవి. అందుకని నాన్న సొంతంగా ఒక తలుపు చేసుకున్నాడు.

ఫ్యాక్టరీకి యంత్రాలు ఏవో దేశాల నుంచి పెద్ద పెద్ద చెక్క పెట్టెల్లో దిగేవి. యంత్రం తీసేశాక ఆ చెక్కను పనివాళ్ళకు ఇచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీవాళ్ళ ఇళ్ళలో మంచాలు, పీటలు, దేవుడి గూళ్ళు అన్నీ ఆ చెక్కవే. మా తలుపూ అదే. ఎండకు వేడెక్కితే దానిలోంచి ఒక వాసన వచ్చేది. అగరుబత్తీలాగా ఉంటుంది, కాదు, వానకు ముందు అడవిలాగా ఉంటుంది, అందులో కొంచెం గ్రీజు కలిసి ఉంటుంది. ఇప్పటికీ ఎక్కడన్నా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది, ఎందుకంటే ఎండ తలుపు మీద పడే వేళకే అమ్మ అన్నం వార్చేది. చెక్క మీద నల్లటి అచ్చు గుర్తులుండేవి. పొడుగు కాడ ఉన్న గ్లాసు ఒకటి, గొడుగు ఒకటి, పైకి చూసే బాణాలు రెండు. పగిలే సరుకు, తడవనివ్వొద్దు, ఇటు పైకి అని వాటి అర్థం. ఆ అర్థం నాన్నకు తెలుసు. అమ్మ మాత్రం గ్లాసును చూసి దీపపు సెమ్మె అనుకుని మొదటి రోజే పసుపు నీళ్ళతో కడిగి దానికి బొట్టు పెట్టింది. అది గ్లాసని నాన్న చెప్పాక కూడా బొట్టు మానలేదు. "ఎవరి కళ్ళకు ఏది కనపడితే అది" అనేది.

పటాన్‌చెరులో మాణెమ్మ అనే ఆవిడ గదిలోకి తలుపుతో దిగిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆవిడది ఆ ఊళ్ళో పాత కుటుంబం, జొన్న చేలు, గేదెలు. భర్త పేరు సాయిలు, నెమ్మదస్తుడు. నాన్న నెత్తిన తలుపుతో వాకిట్లో నిలబడితే మాణెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎగాదిగా చూసింది.

"ఏందయ్యా, మంది ఇంటికి తలుపు పెట్టుకుంటరు. నువ్వు తలుపుకు ఇల్లు దేవులాడుతున్నవా?"

"నీ ఇంటికి నా తలుపు నచ్చిందో లేదో కనుక్కో అమ్మా" అన్నాడు నాన్న.

ఆ రోజు నుంచి ఊళ్ళో మేము తలుపోళ్ళం. అమ్మ నీళ్ళకు బావికి వెళ్తే "తలుపోళ్ళామె వచ్చింది, జెర జరుగున్రి" అనేవాళ్ళు. అమ్మ మొదట చిన్నబుచ్చుకుంది, తర్వాత అదే పేరుతో సున్నిపిండి, కారప్పొడి పంచిపెట్టి ఆ ఊరంతటికీ కావలసిన మనిషైపోయింది. మాణెమ్మ దగ్గర జొన్నరొట్టె కొట్టడం నేర్చుకుని, మాణెమ్మకు పులిహోర నేర్పింది. ఇంట్లో గడియారం లేదు. ఫ్యాక్టరీ సైరనే గడియారం. మొదటి సైరన్‌కు ఎసరు, రెండో సైరన్‌కు నాన్న అన్నం డబ్బా. వేసవి వస్తే నాన్న తలుపును ఊడదీసి వాకిట్లో నాలుగు రాళ్ళ మీద పరిచేవాడు. పగలు దాని మీద అమ్మ వడియాలు, సాయంత్రం నీళ్ళు చల్లితే అక్కా నేనూ. తలుపు లేని గదిలో సామాను, గది లేని తలుపు మీద మనుషులు. దొంగలు వస్తే ఏం చేస్తారని అక్క అడిగితే, "వచ్చినవాళ్ళు మనల్ని చూసి ఏదన్నా పెట్టి పోతారు" అనేవాడు నాన్న.

ఇక తలుపు తిరగబడిన సంగతి. నాకు అయిదేళ్ళుంటాయి. తట్టు పోసి అప్పుడే లేచాను, బయట తిరగొద్దన్నారు. అక్క బడికి వెళ్ళింది. అమ్మ బావికి పోతూ, తలుపు దగ్గరికి వేసి, పందులొస్తాయి జాగ్రత్త అంది. నేను పెద్దవాణ్ణని అనిపించుకుందామని పిండిడబ్బా ఎక్కి లోపలి గడియ పెట్టాను. పెట్టడమైతే పెట్టాను, డబ్బా దొర్లింది. దొర్లి సొట్టపడి మంచం కిందికి పోయింది, పిండంతా నా మీద పడింది. గడియ చూస్తే ఎక్కడో ఆకాశంలో ఉంది. అమ్మ వచ్చి తలుపు తట్టేసరికి నేను వెక్కిళ్ళు పెడుతున్నాను. అమ్మ బయటి నుంచి ఏం కాదురా, నేనిక్కడే ఉన్నానురా అంటోంది, కానీ ఆమె గొంతు కూడా మారింది. అప్పుడు మాణెమ్మ వచ్చింది.

"ఏడ్వకు కొడుకా. కిందికెల్లి చెయ్యి పెట్టు, ఇగో పల్లికాయ" అంటూ తలుపు కింద సందులోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒక్కొక్కటే తోసింది. నేను ఒలుచుకు తింటూ ఏడుపు మర్చిపోయాను. "జెర మంచిగ ఆలోచన చెయ్. నువ్వు లోపల నీడల కూసొని తింటున్నవ్, మేము ఎండల నిలబడ్డం. ఎవరు ఏడ్వాలె చెప్పు" అంది. అమ్మ నవ్విన చప్పుడు వినపడింది. నేనూ నవ్వాను.

నాన్న షిఫ్టు దిగి వచ్చి తలుపు పక్క సందులోంచి ఇనప పట్టీ దూర్చి గడియ జరిపాడు. ఒళ్ళంతా పిండితో తెల్లగా ఉన్న నన్ను చూశాడు. కోపిష్టి మనిషి, దెబ్బలు పడతాయనుకున్నాను. నన్ను తలుపుకు ఆనించి నిలబెట్టి, చెయ్యి పైకెత్తమని, నా వేళ్ళు అందినచోట జేబులోంచి సుద్దముక్క తీసి గీత గీశాడు. ఫ్యాక్టరీలో రేకు కోసే ముందు గీసే గీత అది. తర్వాత గడప మీద కూర్చుని ఆ గీతను, గడియను మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు సెలవు. పొద్దున్నే తలుపు ఊడదీసి, బందులు అవతలి గుంజకు మార్చి, మొత్తం తలుపును తిరగేసి బిగించడం మొదలుపెట్టాడు.

"గడియ ఒక్కటి కిందికి జరిపితే అయిపోతుండె గదయ్యా" అంది మాణెమ్మ.

"కింది పలక వానకు మెత్తబడిందమ్మా, మేకు పట్టదు. పైపలక గట్టిది. అందుకని పైదాన్నే కిందికి తెస్తున్నా."

దారిన పోయే పనివాళ్ళు ఆగారు. ఆ గుర్తుల అర్థం అందరికీ తెలిసిందే. అందులో గుంటూరాయన ఒకాయన, "రావుగారూ, బాణాలు పైకుండాలండీ, సరుకు పాడైపోద్ది" అన్నాడు.

నాన్న నోట్లోంచి మేకులు తీసి, "మా సరుకు పొట్టిదండీ" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఇంట్లో సరుకు అనే పేరు స్థిరపడింది. సరుకు తిన్నాడా, సరుకు పడుకున్నాడా అని అడిగేవాడు నాన్న. గడియ నా ఛాతీ దగ్గరికి వచ్చింది. ఆ రోజంతా ఎన్నిసార్లు వేశానో, ఎన్నిసార్లు తీశానో చెప్పలేను. అమ్మను బయటికి పంపి తలుపు తట్టమనడం, ఎవరది అని అడగడం, గడియ తీసి లోపలికి రమ్మనడం. కట్టెలపొయ్యి మీద కూర మాడిపోతున్నా అమ్మ విసుక్కోకుండా మళ్ళీ బయటికి వెళ్ళి తట్టింది. సాయంత్రం బడి నుంచి వచ్చిన అక్క తలుపును తల పక్కకు వంచి చాలాసేపు చూసింది. బోర్లాపడిన గ్లాసును చూసి ఇది గంట అంది. వెల్లకిలా పడ్డ గొడుగును చూసి ఇది పడవ అంది. కిందికి దూకే బాణాలు వాన. వాన పడుతుంది, పడవ కదులుతుంది, గంట మోగుతుంది, బడి విడిచిపెడతారు. అదే కథ రోజుకొక రకంగా చెప్పేది. అమ్మ గంటకు బొట్టు పెట్టింది.

ఈ మూడు బొమ్మలను పెద్దవాణ్ణయ్యాక నేను ఒలికిన పాత్ర అనీ, పనికిరాని గొడుగు అనీ, నేల చూపులనీ రాశాను.

వానరోజు సంగతి కూడా చెప్పాలి. పటాన్‌చెరులో పని అయిపోయి బీరంగూడ వైపు గది దొరికింది. సామాను ముందే ఎడ్లబండి మీద పంపేశారు. తలుపు బండిలో పట్టలేదు. నాన్నా సాయిలూ చెరో చివర పట్టుకుని తల మీద పెట్టుకున్నారు. సగం దారిలో వాన అందుకుంది. ఎక్కడా నీడ లేదు, అటూ ఇటూ చేలు. నాన్న ఆగి, అందరూ కిందికి రండి అన్నాడు. అక్కా, నేనూ, దేవుడి పటాలు గుండెకు హత్తుకుని అమ్మా, తలుపు కింద దూరాం. చెక్క మీద వాన టపటపా కొడుతోంది, కింద మేము పొడిగా నడుస్తున్నాం. "కంపెనీవాళ్ళు గొడుగు బొమ్మ ఊరికే వేశారనుకున్నారా" అన్నాడు నాన్న. ఫ్యాక్టరీ బస్సు ఒకటి మా పక్కన నెమ్మదించింది. కిటికీలోంచి ఎవరో, "రావుగారూ, తలుపొచ్చింది, ఇల్లు ఏదండీ?" అని అరిచారు.

"వెనకాల వస్తోంది" అన్నాడు నాన్న.

అమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ పటాలతో సహా రోడ్డు మీద చతికిలబడింది. సాయిలు ఎప్పుడూ మాట్లాడడు, ఆ రోజు మాట్లాడాడు. "నువ్వు నవ్వుడు ఆపు తల్లీ, నాకు నవ్వొస్తున్నది, తలుపు ఊగుతున్నది" అన్నాడు. నాకు తెలిసి మా అమ్మ అంత నవ్వింది మళ్ళీ లేదు. దాన్ని నేను పాడె అన్నాను.

ఎందుకు రాశానో కూడా చెప్పాలి. ఆ రోజుల్లో కష్టం లేదని నేననను. ఏ బడిలోనూ ఏడాది నిండా కూర్చోలేదు, స్నేహితుల పేర్లు గుర్తు పెట్టుకునే లోపు ఊరు మారేది. తర్వాత ఒక ఏడాది నాన్న మేస్త్రీతో గొడవపడి ఎక్కడికో దూరం పనికిపోయి, చాలాకాలం కబురు లేకుండా ఉండిపోయాడు. అమ్మ ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు పిండి రుబ్బి మమ్మల్ని సాకింది. ఆ కోపం నాలో ఉంది, అది న్యాయమైన కోపమే. దాన్ని దాని చోట రాయాల్సింది. కానీ కబురు లేని మనిషి గురించి ఎలా రాయాలో నాకు తెలియలేదు. తలుపు మీద గుర్తులు సిద్ధంగా ఉన్నాయి, తలకిందులుగా కూడా ఉన్నాయి. ఒక చిన్న సభలో పాడె వాక్యం చదివినప్పుడు గదంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. అమ్మ అప్పటికే పోయింది. ఉంటే ఆ కాగితం నా చేతిలోంచి లాక్కునేది.

ఇప్పుడు ఆ చేలున్న చోట అపార్టుమెంట్లు. మా ఫ్లాటు తలుపు టేకుది, దానికి పాలిష్, ఇత్తడి పిడి, వచ్చింది ఎవరో చూసుకోవడానికి ఒక కన్ను. మా అబ్బాయి చిన్నప్పుడు దాని గడియ అందక ఏడిస్తే, వాడి అమ్మ పని ఆపుకుని వచ్చి తీసేది. తలుపును తిరగేయడం నాకు తోచలేదు.

అక్క ఇంట్లో ఆ సాయంత్రం వాన కురుస్తోంది. పైఅంతస్తులో కిరాయికి ఉండేవాళ్ళ అమ్మాయి లావణ్య, డిగ్రీ చదువుతోంది, పుస్తకం పట్టుకుని దిగి వచ్చింది. నా అధ్యాయం వాళ్ళకు పాఠమట. నాన్న బల్ల మీద కూర్చుని వాన చూస్తున్నాడు.

"సార్, ఒక్క డౌట్. తలకిందులైన బాణాలు దేనికి ప్రతీక అని పరీక్షల అడుగుతరంట. అస్థిరమైన బాల్యానికి అని మా మేడం రాయించింది. ఇంకేమన్న కలపాల్నా?"

నాకు అలవాటైన జవాబు నోటిదాకా వచ్చింది. అక్క టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. "ఆ బల్ల మీద కూసున్నాయననే అడుగు బిడ్డా. తిప్పింది ఆయననే" అంది.

"ఏమంటోందా అమ్మాయి?" అన్నాడు నాన్న.

నేను లావణ్యకు చెప్పాను. "ప్రతీకేం కాదమ్మా. చిన్నప్పుడు నాకు గడియ అందేది కాదు. అందేట్టు మా నాన్న తలుపు తిప్పాడు. అంతే."

ఆ అమ్మాయి రాసుకోబోయి ఆగింది. "గిట్ల రాస్తే మార్కులు ఏస్తరా సార్?"

"వెయ్యరేమో" అన్నాను.

తర్వాత నాన్న పక్కన ఆ ఆకుపచ్చ బల్ల మీద కూర్చున్నాను. ఆయన చెవి దగ్గరికి వంగి, తప్పు రాశాను నాన్నా అన్నాను. వినపడలా అన్నాడు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. వానరా, వినపడటం లేదు అన్నాడు. ఎదురింటివాళ్ళు అరుగు మీదికి వచ్చి చూస్తున్నారు. లావణ్య వాళ్ళ అమ్మ మెట్ల మీద నిలబడింది.

"మొదటిసారికే ఇనపడ్డది ఆయనకు. కండ్లు సూడు" అంది అక్క, నాకు మాత్రమే వినపడేట్టు.

"నువ్వుండవే" అన్నాడు నాన్న. నా వైపు తిరిగి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏదీ, ఇంకోసారి చెప్పరా సరుకూ."

నేను లేచి నిలబడి, వాన చప్పుడు మీదుగా, ఆ వీధంతటికీ వినపడేలా చెప్పాను. "నాన్నా, నువ్వు తలుపు తిప్పింది నా కోసం. వానలో మనం నవ్వుకుంటూ నడిచాం. అది నాకు తెలిసే తప్పు రాశాను. నన్ను క్షమించు."